తాలింఖానాలో ఆడపిల్లకు చోటెప్పుడు దొరికింది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బలం గురించి మాట మొదలైతే కోడి రామ్మూర్తి నాయుడి పేరు రాకుండా ముగియదు. ఆ వెంటనే కరణం మల్లేశ్వరి పేరు వస్తుంది. సభల్లో, పాఠ్యపుస్తకాల్లో, సన్మాన పత్రాల్లో ఈ రెండు పేర్లనూ ఒకే గొలుసుకు రెండు కొసల్లా కలిపేస్తారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కలియుగ భీముడు పుట్టిన గడ్డ కాబట్టే, ఇక్కడి ఆడబిడ్డ ఒలింపిక్స్‌లో ఇనుమెత్తి పతకం తెచ్చిందని ఆ కథనం. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కాలక్రమాన్ని, మనుషుల్ని, నియమాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గొలుసు నడిమిలోనే తెగిపోతుంది. ఉత్తరాంధ్ర ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పాత మల్లవిద్యకు కొనసాగింపు కాదని నా వాదన. 1980ల చివర ప్రపంచంలో కొత్తగా తెరుచుకున్న ఒక ద్వారాన్ని ఒక చిన్న ఊరి కోచ్, కొన్ని కుటుంబాలు సరైన సమయానికి పట్టుకోవడం వల్ల అది పుట్టింది. వారసత్వంగా వచ్చిందనుకుంటే, దాన్ని కట్టినవాళ్ల శ్రమ మన లెక్కలోకి రాదు.

ముందు ఆ పాత సంప్రదాయం సంగతి చూద్దాం. రామ్మూర్తి నాయుడు 1880ల తొలినాళ్లలో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు నిన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఆయన పెరిగింది విజయనగరంలో. మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. శరీరానికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంపడం, ఛాతీ మీదుగా ఏనుగును నడిపించుకోవడం ఆయన ప్రదర్శనల్లో పేరుపడ్డవి. 1942లో కన్నుమూశారు. ఆయన ఒక్కరే కాదు, ఈ ప్రాంతంలో ఊరికో తాలింఖానా ఉండేది. కర్రసాము, కత్తిసాము, గరిడీ నేర్పే గురువులుండేవారు. సంక్రాంతికో గ్రామదేవత పండక్కో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు, ఉలవల బస్తా భుజానికెత్తే పోటీలు జరిగేవి, ఇప్పటికీ కొన్ని ఊళ్లలో జరుగుతున్నాయి. ఇది నిజమైన, గర్వించదగ్గ సంప్రదాయమే. కానీ అందులో ఎవరికి చోటుందన్నదే ప్రశ్న. తాలింఖానా మగవాళ్ల చోటు. అక్కడ గోచీ కట్టుకుని, ఒంటికి మట్టి పూసుకుని, ఆంజనేయుడికి దణ్ణం పెట్టుకుని సాధన చేసేవారు మగపిల్లలు. సంగిడి చుట్టూ చేరిన గుంపులో ఆడవాళ్లు ఉండొచ్చు గానీ, సంగిడి ముందు ఉండేవారు కాదు. వందేళ్ల పాటు ఆడపిల్లను గడప దాటనివ్వని సంప్రదాయం, ఆమె గెలిచిన మర్నాడు తల్లిదండ్రుల స్థానంలో కూర్చోవడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. బలమైన ఆడవాళ్లు ఈ దేశంలో కొత్తగా పుట్టలేదు కదా, సర్కస్‌లలో వాళ్లెప్పుడో కనిపించారు కదా అని. నిజమే. రామ్మూర్తి తరంలోనే తారాబాయి అనే మహిళ సర్కస్ డేరాల్లో బలప్రదర్శనలతో దేశమంతా పేరు తెచ్చుకుంది. 1950ల్లో బెంగాల్‌కు చెందిన రేబా రక్షిత్ ఏకంగా ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకుంది. కుస్తీలో హమీదా బాను మగ మల్లులతో తలపడింది. అయినా వీళ్లలో ఎవరి వెనకా రెండో ఆడపిల్ల ఒక వరుసగా నిలబడలేదు. ఎందుకంటే వాళ్లు చూపించింది వింత. టికెట్టు కొన్నవాడు ఆడమనిషి ఇంత పని చేయడమేమిటని నోరు వెళ్లబెట్టడానికే వచ్చాడు. వింత ఒక్కసారికే. అందులో తూకం లేదు, తరగతి లేదు, నిన్నటి రికార్డు మీద ఈ రోజు ఒక కిలో పెంచే పని లేదు. తారాబాయి ఎంత బరువెత్తిందో ఈ రోజు ఎవరూ కిలోల్లో చెప్పలేరు, మల్లేశ్వరి ఎంత ఎత్తిందో ఆమె ప్రాంతమైన ఆమదాలవలసలో కుర్రాడెవరైనా చెబుతాడు. ఆట అంటే ఇదే తేడా. వచ్చే ఏడాది వేరే ఊళ్లో వేరే పిల్ల అదే కొలతతో పోటీ పడగలగాలి. ఆ కొలత ఆడవాళ్ల చేతికి రావడానికి చాలా కాలం పట్టింది.

ఎంత కాలమో చెప్పాలంటే ప్రపంచం వైపు తిరగాలి. మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్లకు తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. అంటే తొంభై ఏళ్ల పైచిలుకు ఆలస్యం. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో ఆడవాళ్లకు ప్రవేశం దొరికింది. ఒలింపిక్స్ మాత్రం 2000 సిడ్నీ దాకా వేచి చూడమంది. ఈ ఆలస్యం అన్యాయమే. కానీ ఆ అన్యాయంలోంచే మనలాంటి వెనకబడ్డ ప్రాంతాలకు ఒక అవకాశం పుట్టిందన్నది గమనించాలి. ఎందుకంటే తొంభై ఏళ్లుగా ఆడుతున్న ఆటలో ముందున్నవాళ్లను అందుకోవాలంటే తొంభై ఏళ్ల వ్యవస్థ కావాలి. అందరూ ఇప్పుడే మొదలుపెడుతున్న ఆటలో, మొదటి పదేళ్లు ఎవరికీ పెద్దరికం ఉండదు. డేటోనా బీచ్‌లో ఆ పోటీ జరిగిన 1987లో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో ఒక పన్నెండేళ్ల పిల్ల బారు పట్టుకుంది. ఆ పిల్లకు అమెరికా సంగతి తెలిసే వీలు లేదు. అయినా ఆ రెండూ ఒకే ఏడాది జరగడం వల్లనే ఆమె జీవితం అలా సాగింది. పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఆమె ఎంత బలవంతురాలైనా ఎత్తడానికి వేదిక ఉండేది కాదు.

మరో ఆటతో పోల్చి చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. స్క్వాష్‌ను తీసుకోండి. ఇంగ్లండ్‌లో హారో స్కూలు కుర్రాళ్లు మొదలుపెట్టిన ఆట, బ్రిటిష్ సైన్యంతో, క్లబ్బులతో మన దేశానికొచ్చింది. నాలుగు గోడల మధ్య 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు ఉన్న, లోపలంతా నునుపుగా తీర్చిన కోర్టు కావాలి. కంటోన్మెంటో, పెద్ద క్లబ్బో, ఖరీదైన బడో ఉన్నచోటే ఆ కోర్టు ఉంటుంది. అందుకే భారత మహిళల స్క్వాష్‌లో పెద్ద పేర్లయిన జోష్నా చినప్ప, దీపికా పల్లికల్ చెన్నైలో పెరిగారు, అక్కడి అకాడమీలో సానబడ్డారు. శ్రీకాకుళం నుంచో సాలూరు నుంచో ఒక ప్రొఫెషనల్ స్క్వాష్ క్రీడాకారిణి రాలేదంటే ఇక్కడి పిల్లల్లో చురుకుదనం తక్కువై కాదు, గోడలు లేకే. క్రికెట్ సంగతీ అంతే. విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు మూడు టెస్టుల్లో నాయకత్వం వహించారు. ఆ కుటుంబం ఆటల మీద ధారాళంగానే ఖర్చు పెట్టింది. కానీ విజ్జీ మకాం, మైదానం, ఆతిథ్యం అన్నీ ఎక్కువగా కాశీలోనే. నెల్లిమర్ల రైతు కూతురి దాకా ఆ డబ్బు పారలేదు, పారాలని ఎవరూ అనుకోలేదు కూడా. వెయిట్‌లిఫ్టింగ్‌కు కావలసిందల్లా ఒక పాక, గట్టి నేల, ఒక బారు, కొన్ని ఇనుప పళ్లేలు. ఒక్క బారు మీద పదిమంది వంతులవారీగా సాధన చేయొచ్చు. ఎదుటి ఆటగాడు అక్కర్లేదు, మైదానం అక్కర్లేదు, వర్షం వచ్చినా ఆగక్కర్లేదు.

ఆ పాక ఊసవానిపేటలో ఉంది. నడిపినవారు నీలంశెట్టి అప్పన్న. ఆంధ్ర క్రీడా చరిత్ర రాసేవాళ్లు ఈయనకు ఒక వాక్యం ఇచ్చి ముందుకెళ్తారు, నా దృష్టిలో ఒక అధ్యాయం ఇవ్వాలి. మగపిల్లల కోసమే అనుకున్న చోట ఆడపిల్లలకు సాధన చేయించడమన్నది 1980ల్లో కోస్తా పల్లెటూళ్లో చిన్న నిర్ణయం కాదు. బరువులెత్తితే గర్భసంచి జారుతుందని, పెళ్లి కాదని, ఒళ్లు మగరాయుడిలా తయారవుతుందని చెప్పేవాళ్లకు కొదవ లేని కాలం. అయితే అప్పన్న కూడా ఆకాశం నుంచి ఊడిపడ్డ సంస్కర్త కాదు. మల్లేశ్వరి తన దగ్గరకు వచ్చినప్పుడు, బక్కపలచగా ఉందని ఆయన మొదట వద్దన్నారని, తల్లి శ్యామల ధైర్యం చెప్పి పంపారని మల్లేశ్వరే చెప్పిన సంగతి. నాకు ఈ వివరం చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఆ మాటల్లో ఆ చిన్న లోకం ఎలా నడిచిందో కనబడుతుంది. కోచ్ ద్వారం తీశాడు, తల్లి లోపలికి తోసింది. తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు, కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆ ఇంట్లో అందరూ ఆడపిల్లలే. అక్క నరసమ్మ అప్పటికే ఆ పాకలో సాధన చేస్తోంది, మరో అక్క కృష్ణకుమారి జాతీయ శిబిరం దాకా వెళ్లింది. అంటే మల్లేశ్వరి ఆ ఇంటికి తొలి లిఫ్టర్ కాదు. ఆమెకు ముందే దారి కొంత నలిగింది. అదే పాక నుంచి నీలంశెట్టి లక్ష్మి అర్జున పురస్కారం దాకా ఎదిగింది. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి చేరినప్పుడు పూజారి శైలజ స్వర్ణాలు గెలిచింది. ఒక్కరైతే అద్భుతం అనొచ్చు. ఒకే చోట నుంచి వరుసగా ఇంతమంది వచ్చారంటే దాన్ని పద్ధతి అనాలి.

ఇక్కడ రైల్వే ఉద్యోగం సంగతి దాటేయకూడదు. ఆమదాలవలసలోని స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. మద్రాసు, కలకత్తా లైను మీది ఆ స్టేషను చుట్టూ నెల జీతం వచ్చే కుటుంబాలు కొన్ని ఏర్పడ్డాయి. పొలం మీదే బతికే ఇంట్లో ఆడపిల్లను సాయంత్రం రెండు గంటలు పాకకు పంపడమంటే ఆ మేరకు పనికి మనిషి తగ్గడం. కానిస్టేబులు జీతం తక్కువే గానీ నెలనెలా వస్తుంది. పైగా రైల్వే, పోలీసు, సైన్యం వంటి శాఖల్లో ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే అలవాటు ఆ ఇళ్లకు ముందే తెలుసు. ఆటంటే సోకు కాదు, ఆట నుంచి అన్నం పుట్టొచ్చన్న ఆలోచన ఆ ఇళ్లలో సహజంగా మొలిచింది. తాలింఖానా సంప్రదాయం కంటే ఈ జీతపు చీటీయే ఆడపిల్లల లిఫ్టింగ్‌కు దగ్గరి బంధువు అంటాను.

మరో వాదన కూడా తరచూ వినపడుతుంది. ఉత్తరాంధ్ర ఆడవాళ్లు కష్టజీవులు, నెత్తిన నీళ్ల బిందెలు, వరి మోపులు, గనుల్లో మాంగనీసు తట్టలు మోసి మోసి గట్టిపడ్డ ఒళ్లు వాళ్లవి, అందుకే బరువెత్తడం వాళ్లకు సులువని. పొగడ్తలా వినిపించే ఈ మాట నిజానికి రెండు విధాల తప్పు. మొదటిది, మోత వేరు, లిఫ్టింగ్ వేరు. స్నాచ్‌లో బారును నేల నుంచి ఒక్క ఊపున తల పైకి తెస్తారు. అది కండబలం కంటే వేగం, మోకాళ్లు వంచి బారు కిందికి దూరే ఒడుపు, కీళ్లలో సాగుదల అడిగే పని. చిన్న వయసు నుంచి తట్టలు మోసి వంగిన నడుము దానికి సాయం చేయదు, అడ్డం పడుతుంది. రెండోది, కష్టం వల్లే పతకాలు వస్తే కష్టం ఉన్న ప్రతి జిల్లాకూ రావాలి. పాలమూరు ఆడవాళ్లు, అనంతపురం ఆడవాళ్లు తక్కువ మోశారా? కష్టానికి కీర్తి కట్టబెట్టడమంటే, ఆ కష్టాన్ని తగ్గించాల్సినవాళ్లకు సాకు ఇవ్వడమే.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది, దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం. మల్లేశ్వరిని తయారుచేసింది ఊసవానిపేట కాదు, భారత క్రీడా ప్రాధికార సంస్థ, విదేశీ కోచ్ అన్నది ఆ వాదన. 1990లో అక్క కృష్ణకుమారితో పాటు జాతీయ శిబిరానికి వెళ్లినప్పుడు ఆమెను గుర్తించినవాడు సోవియట్ దిగ్గజం లియొనిద్ తారానెంకో. ఆయన 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత, 1988లో క్లీన్ అండ్ జర్క్‌లో 266 కిలోలెత్తినవాడు. ఆ తర్వాత బెంగళూరు శిక్షణ, పద్ధతైన ఆహారం, పద్ధతైన సాధన. 1993లో ప్రపంచ పోటీల్లో కాంస్యం, 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ టైటిల్. ఇవన్నీ ఊరి పాకలో జరిగేవి కావని ఒప్పుకోవాల్సిందే. కానీ తారానెంకో ఊసవానిపేటకు రాలేదు, మల్లేశ్వరే ఆయన కళ్ల ముందుకు వెళ్లింది. వెళ్లగలగడానికి అక్క ఎంపిక కావాలి, అక్క ఎంపిక కావడానికి అప్పన్న పాక ఉండాలి. ఏ శిబిరమైనా ఉన్నవాళ్లలోంచే ఏరుకుంటుంది. మణిపూర్ విషయం చూస్తే ఇది మరింత నమ్మకంగా చెప్పొచ్చు. కుంజరాణి దేవి 1989లో మాంచెస్టర్ ప్రపంచ పోటీల్లోనే రజతాలు తెచ్చింది, తర్వాత సీఆర్‌పీఎఫ్‌లో ఉద్యోగం చేసింది. అక్కడా ఢిల్లీ గుర్తించకముందే స్థానికంగా ఆట వేళ్లూనింది. దేశానికి ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, రెండూ రాజధానికి దూరమే, రెండింటికీ కొత్త ఆటే దారి చూపింది.

సిడ్నీ రోజును ఈ దృష్టితో చూస్తే ఒక్క పతకం కథగా మిగలదు. 2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ చెరి 242.5 కిలోలెత్తారు, శరీర బరువు తక్కువ కాబట్టి చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. మల్లేశ్వరి చివరి ప్రయత్నం 137.5 కిలోలకు. అది నిలబడి ఉంటే స్వర్ణమే, నిలబడలేదు. 132.5కే ఎందుకు పోలేదని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నాకు ఆ తప్పటడుగు కంటే, స్వర్ణానికే గురిపెట్టిన ఆ తెగువే గొప్పగా కనిపిస్తుంది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె, ఆ క్రీడల్లో దేశానికి దక్కింది ఆ ఒక్క పతకమే. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియాల్సింది మరొకటి ఉంది. సిడ్నీలో ఆడవాళ్లకు ఏడు విభాగాలుంటే, ఏ దేశమైనా నలుగురినే దింపాలన్న నియమం పెట్టారు. చైనా నలుగురిని దింపి నాలుగు స్వర్ణాలూ పట్టుకెళ్లింది. మిగిలినవి ఎక్కడికి పోయాయి? 75 కిలోల్లో కొలంబియాకు చెందిన మరియా ఇసబెల్ ఉర్రుతియా గెలిచింది, అది ఆ దేశానికే తొలి ఒలింపిక్ స్వర్ణం. 58 కిలోల్లో మెక్సికో అమ్మాయి సొరాయా హిమెనెస్ గెలిచింది, ఆ దేశపు ఆడవాళ్లలో తొలి స్వర్ణం ఆమెదే. అంటే కొత్త ద్వారం తెరిచినప్పుడు అంతకుముందు వరండాలో కూడా నిలబడనివ్వని దేశాల ఆడవాళ్లు లోపలికొచ్చారు. ఆమదాలవలస ఆ గుంపులో ఒకటి. మల్లేశ్వరికి అసలైన చుట్టాలు వీళ్లే.

ఈ పద్ధతి ఒక్క ఊరితో ఆగలేదనడానికి విజయనగరం జిల్లా సాక్ష్యం. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరిగా పేరుపడింది. అక్కడా రాజుల పోషణ లేదు, పెద్ద స్టేడియమూ లేదు, ఉన్నది సాధన చేసే చోటు, దాన్ని వదిలిపెట్టని శిక్షకులు, ఒకరిని చూసి మరొకరు చేరే పిల్లలు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలెత్తి మూడో స్థానంలో నిలిచింది. మొదట గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో ఆ కాంస్యం రజతమైంది. విశేషమేమిటంటే అదే గ్లాస్గోలో జోష్నా, దీపిక మహిళల డబుల్స్‌లో స్వర్ణం గెలిచారు, కామన్వెల్త్ స్క్వాష్‌లో భారత్‌కు అదే తొలి పతకం. ఒకే క్రీడాసంబరంలో చెన్నై కోర్టూ, కొండవెలగాడ పాకా రెండూ దేశానికి పతకాలు తెచ్చాయి.

అయితే ఆ తర్వాత ఆ రెండు జీవితాలూ ఒకేలా సాగవు, ఈ తేడాను తియ్యటి మాటలతో కప్పకూడదు. స్క్వాష్ క్రీడాకారిణికి ప్రపంచ టూరు ఉంది, ర్యాంకు ఉంది, టోర్నీకో ప్రైజ్‌మనీ ఉంది. ప్రైజ్‌మనీ ఉంది కాబట్టే దానికోసం పోరాడే వీలూ ఉంది. మగవాళ్లతో సమానంగా డబ్బు ఇవ్వడం లేదని దీపిక కొన్నేళ్లు జాతీయ ఛాంపియన్‌షిప్‌కు దూరంగా ఉండిపోయింది, 2016లో సమానం చేశాకే తిరిగొచ్చింది. వెయిట్‌లిఫ్టర్‌కు అలాంటి టూరు లేదు. ఆమె జీవనం ప్రభుత్వ ఉద్యోగం మీద, పతకం వచ్చినప్పుడు ప్రకటించే నగదు మీద ఆధారపడి ఉంటుంది. మల్లేశ్వరి భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసింది. పతకం లేని ఏడాది లిఫ్టర్‌ను అడిగే అంగడి లేదు, ఆమె ఆడనంటే ఆగిపోయే టోర్నీ లేదు. బేరం పెట్టే బలం అసలే లేదు. అప్పన్న పాకలో పుట్టిన పద్ధతికి ఇదే పెద్ద లోపం. ఆటలోకి దారి చవకగా దొరికింది గానీ, ఆటలో నిలబడి బతికే దారి ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. పతకానికే ఉద్యోగం, ఉద్యోగానికే పతకం అన్న ఈ ఇరుకులోంచే డోపింగ్ కూడా వచ్చింది. 2004 ఏథెన్స్‌లో ఇద్దరు భారత మహిళా లిఫ్టర్లు దొరికిపోయారు, 2006లో దేశం మొత్తానికే అంతర్జాతీయ నిషేధం పడింది. ఆ మచ్చ నుంచి ఉత్తరాంధ్ర కూడా తప్పించుకోలేదు. తప్పు చేసినవాళ్లది తప్పే. కానీ ఒక్క మెట్టు జారితే కిందంతా శూన్యం అన్నట్టు నిచ్చెన కట్టినవాళ్ల బాధ్యత కూడా మాట్లాడుకోవాలి.

మల్లేశ్వరి ఈ గడ్డ మీదే ఉండిపోయి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. 1997లో లిఫ్టర్ రాజేశ్ త్యాగిని పెళ్లాడి హర్యానాలోని యమునానగర్‌లో స్థిరపడింది. 2004 ఏథెన్స్‌లో నడుం నొప్పితో పోటీ పూర్తి చేయలేక, ఆట వదిలేసింది. తర్వాత యమునానగర్ పిల్లలకు శిక్షణ మొదలుపెట్టింది, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. ఆమె అనుభవం హర్యానాకు, ఢిల్లీకి అందింది. మనకు అందింది ఫ్లెక్సీ బొమ్మ. దీన్ని ఆమె తప్పుగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. శ్రీకాకుళం చరిత్ర అంతా వలసల చరిత్రే. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి చెన్నై, హైదరాబాద్ నిర్మాణ పనుల దాకా ఈ జిల్లా తన మనుషుల్ని పంపుతూనే ఉంది. ఒక ఛాంపియన్ ఎందుకు వెళ్లిందని అడిగే ముందు, ఉండడానికి ఏమి చూపించామో అడగాలి. మల్లేశ్వరి తర్వాత ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో భారత మహిళకు పతకం రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది, టోక్యోలో మీరాబాయి చానూకు రజతం దక్కింది. అది మణిపూర్‌కు దక్కింది. అక్కడి పునాది నిలిచింది, మనది పలచబడింది.

శ్రీకాకుళం పట్టణంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరుంది, ఉండాల్సిందే. అప్పన్న పాక గురించి, నరసమ్మ, కృష్ణకుమారి, లక్ష్మి తరం సాధన గురించి, కొండవెలగాడ గురువుల గురించి తెలుగులో ఒక పుస్తకమంత రాత నా కంటికి కనబడలేదు. ఆ తరం మనుషులు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. పాత పోటీల సర్టిఫికెట్లు, వార్తల కత్తిరింపులు, జిల్లా సంఘాల రిజిస్టర్లు బీరువాల అడుగున, చెదలకు దగ్గరగా ఉన్నాయి. రెండు జిల్లాల క్రీడాధికారులు, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఆ ఊళ్ల బడి పంతుళ్లు కలిసి వాటిని సేకరించి, బతికున్నవాళ్ల మాటలు రికార్డు చేయాలి. ఇంట్లో అమ్మమ్మో, పెద్దమ్మో ఒకప్పుడు బారెత్తిందని తెలిసిన పాఠకులెవరైనా ఉంటే, ఆమె దగ్గర కూర్చుని ఎప్పుడు మొదలుపెట్టారు, ఎవరు నేర్పారు, ఎన్ని కిలోలెత్తారు అని అడిగి రాసి ఉంచండి.